అలీ - ఫ్రేజియర్ పోటీలు

మహమ్మద్ అలీ, జో ఫ్రేజియర్ అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన హెవీవెయిట్ బాక్సింగ్ ఛాంపియన్లు. 1971 - 1975 సంవత్సరాల మధ్య వీరిద్దరూ మూడు సార్లు తలపడ్డారు. మొదటి పోటీలో ఫ్రేజియర్, తక్కిన రెండింటిలో అలీ గెలుపొందారు. ఇద్దరిలో ఎవరు మేటి అన్న వాదన నాటి నుండి బాక్సింగ్ అభిమానుల మధ్య సాగుతూనే ఉన్నది. గెలుపుల లెక్క 2-1 కనుక అలీయే మేటి అనడం సులభం. కాని ఇద్దరూ విడివిడిగా ఎదుర్కొన్న ప్రత్యర్థులను పక్కపక్కన పెట్టి చూస్తే విషయం అంత తేలికగా తెగదు.

నేపథ్యం

అలీ 1942 జనవరి 17న కెంటకీ రాష్ట్రంలోని లూయివిల్ నగరంలో జన్మించాడు. అసలు పేరు కాషియస్ క్లే. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో లైట్ హెవీవెయిట్ స్వర్ణ పతకం సాధించాడు. 1964లో సోనీ లిస్టన్‌ను ఓడించి ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. వియత్నాం యుద్ధకాలంలో సైన్యంలో చేరడానికి 1967 ఏప్రిల్ 28న నిరాకరించడంతో అతని బిరుదును, లైసెన్సును తొలగించారు. 25వ ఏట నుండి 28వ ఏట వరకు, అనగా బాక్సర్‌కు అత్యంత విలువైన కాలంలో, అతడు సుమారు మూడున్నర సంవత్సరాలు రింగుకు దూరంగా ఉండవలసి వచ్చింది. 1971 జూన్ 28న అమెరికా సుప్రీం కోర్టు అతనిపై శిక్షను కొట్టివేసింది.

ఫ్రేజియర్ 1944 జనవరి 12న దక్షిణ కరొలినా రాష్ట్రంలోని బ్యూఫోర్ట్‌లో పేద వ్యవసాయ కుటుంబంలో జన్మించాడు. ఫిలడెల్ఫియా చేరి కబేళాలో పనిచేస్తూ బాక్సింగ్ నేర్చుకున్నాడు. 1964 టోక్యో ఒలింపిక్ క్రీడలకు మొదట ఎంపికైనది బస్టర్ మాథిస్. అతడు గాయపడగా బదులుగా వెళ్ళిన ఫ్రేజియర్ విరిగిన బొటనవేలితో ఫైనల్ ఆడి స్వర్ణం తెచ్చాడు. అలీ లేని కాలంలో, 1970 ఫిబ్రవరిలో జిమ్మీ ఎల్లిస్‌ను ఓడించి తిరుగులేని ఛాంపియన్‌గా గుర్తింపు పొందాడు.

మూడు పోటీలు

మొదటి పోటీ 1971 మార్చి 8న న్యూయార్క్‌లోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగింది. అప్పటికి అలీ 31, ఫ్రేజియర్ 26 పోటీలు ఆడి ఒక్కటీ ఓడిపోలేదు. ఒక్కొక్కరికి 25 లక్షల డాలర్లు ముట్టాయి. ఫ్రేజియర్ తల వంచి ఊగుతూ దగ్గరకు చొచ్చుకుపోయి అలీ పక్కటెముకలపై ఎడతెగకుండా కొట్టాడు. 15వ రౌండులో అతని ఎడమచేతి హుక్ దెబ్బకు అలీ నేలకు ఒరిగాడు. వెంటనే లేచి నిలబడినా తీర్పు ఏకగ్రీవంగా ఫ్రేజియర్‌కే దక్కింది.

1974 జనవరి 28న అదే వేదికపై జరిగిన రెండవ పోటీ నాటికి ఇద్దరిలో ఎవరూ ఛాంపియన్ కాదు. 12 రౌండ్ల తరువాత అలీ పాయింట్లతో గెలిచాడు. ఫ్రేజియర్ దగ్గరకు వచ్చిన ప్రతిసారీ అలీ అతని మెడ వెనుక చేయి వేసి పట్టుకున్నాడనీ, రిఫరీ దానిని అడ్డుకోలేదనీ ఫ్రేజియర్ పక్షం వారి ఆరోపణ. మూడింటిలో ఇదే చప్పని పోటీ.

మూడవది 1975 అక్టోబరు 1న ఫిలిప్పీన్స్‌లో, మనీలాను ఆనుకుని ఉన్న క్వెజాన్ నగరంలో, తీవ్రమైన ఉక్కపోతలో జరిగింది. తొలి రౌండ్లు అలీవి, మధ్య రౌండ్లు ఫ్రేజియర్‌వి. చివరి రౌండ్లలో అలీ పిడిగుద్దులకు ఫ్రేజియర్ కళ్ళు వాచి మూసుకుపోయాయి. 14వ రౌండు ముగిశాక శిక్షకుడు ఎడ్డీ ఫచ్, ఫ్రేజియర్ వద్దంటున్నా వినకుండా, పోటీని ఆపివేయించాడు. గెలిచిన అలీ కూడా రింగులోనే కూలబడ్డాడు. ఫ్రేజియర్‌కు ఒక కంటి చూపు చాలాకాలంగా మందగించి ఉన్నదని తరువాత వెల్లడైంది.

ఉమ్మడి ప్రత్యర్థులు

ఫ్రేజియర్ అభిమానుల వాదనకు అసలు బలం ఇక్కడ ఉన్నది. జార్జ్ చువాలోను ఫ్రేజియర్ 1967లో 4వ రౌండులోనే నిలువరించగా, అలీ 1966లోను, 1972లోను పాయింట్లతోనే గెలిచాడు. బాబ్ ఫోస్టర్‌ను ముగించడానికి ఫ్రేజియర్‌కు 2 రౌండ్లు, అలీకి 8 రౌండ్లు పట్టింది. ఫ్రేజియర్ ధాటికి జిమ్మీ ఎల్లిస్ 5వ రౌండుకు లేవలేకపోయాడు. అలీ 12వ రౌండు వరకు వేచి ఉండవలసి వచ్చింది. మాథిస్‌ను ఫ్రేజియర్ నాకౌట్ చేశాడు, అలీ చేయలేదు. దీనికి ఎదురుగా ఆస్కార్ బొనవేనా ఉన్నాడు: రెండు పోటీలలో 25 రౌండ్లు ఆడినా ఫ్రేజియర్ అతనిని పడగొట్టలేకపోయాడు, పైగా మొదటి పోటీలో తానే రెండుసార్లు పడ్డాడు. అలీ 1970లో బొనవేనాను 15వ రౌండులో ఓడించాడు.

ఈ లెక్కలను జాగ్రత్తగా చదవాలి. ఎల్లిస్, ఫోస్టర్, మాథిస్‌లతో అలీ తలపడింది నిషేధం తరువాత, కాళ్ళ వేగం తగ్గాక. పైగా ఎంత త్వరగా పడగొట్టాడన్నది దెబ్బ బలాన్ని చెబుతుందే తప్ప నేర్పునంతా చెప్పదు.

అన్నిటికంటే బరువైన సాక్ష్యం జార్జ్ ఫోర్‌మన్. 1973 జనవరిలో జమైకాలోని కింగ్‌స్టన్‌లో అతడు ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడగొట్టి బిరుదు లాక్కున్నాడు, 1976లో మళ్ళీ ఓడించాడు. అదే ఫోర్‌మన్‌ను 1974 అక్టోబరు 30న కిన్షాసాలో అలీ 8వ రౌండులో నాకౌట్ చేశాడు. అయితే ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ముగించిన కెన్ నార్టన్ 1973లో అలీని ఓడించి దవడ విరగగొట్టాడు. ఎవరి శైలి ఎవరికి కుదురుతుందన్నదే ఇందులో ముఖ్యం. నిటారుగా నిలబడి వెనక్కు జరిగే అలీకి ఫ్రేజియర్ హుక్ విషమైతే, నేరుగా ఎదురువచ్చే ఫ్రేజియర్‌కు ఫోర్‌మన్ కింది నుండి కొట్టే దెబ్బ విషమైంది.

మొత్తం జీవితకాలపు ఆటను తూచితే అలీ వైపే త్రాసు మొగ్గుతుంది: 61 పోటీలలో 56 గెలుపులు, మూడుసార్లు ప్రపంచ బిరుదు. ఫ్రేజియర్ 37 పోటీలలో 32 గెలిచి, 4 ఓడి, ఒకటి సమంగా ముగించాడు. ఆ నాలుగు ఓటములూ అలీ, ఫోర్‌మన్‌ల చేతిలోనే. కాని 1971 మార్చి నాటి ఫ్రేజియర్‌ను ఆ నాటి ఏ హెవీవెయిట్ అయినా ఓడించగలిగేవాడని చెప్పడం కష్టం. 1967 నాటి అలీ అతనిని ఎదుర్కొని ఉంటే ఏమయ్యేదన్న ప్రశ్నకు రింగులో జవాబు దొరకలేదు.

వైరం

అలీ నిషేధంలో ఉన్నప్పుడు అతనికి లైసెన్సు తిరిగి ఇవ్వాలని కోరినవారిలో ఫ్రేజియర్ ఒకడు. డబ్బు సాయం కూడా చేశాడు. అయినా పోటీల ప్రచారంలో అలీ అతనిని తెల్లవారి తొత్తు అనీ, గొరిల్లా అనీ హేళన చేశాడు. టిక్కెట్లు అమ్ముడుపోవడానికే అలా అన్నానని అలీ చెప్పినా, ఫ్రేజియర్ పిల్లలు సైతం బడిలో ఎగతాళికి గురయ్యారు. ఈ విషయంలో అలీని సమర్థించడం అతని అభిమానులకు కూడా కష్టమే. 2001లో అలీ పత్రికాముఖంగా క్షమాపణ కోరాడు.

ఫ్రేజియర్ కాలేయ క్యాన్సర్‌తో 2011 నవంబరు 7న మరణించాడు. పార్కిన్సన్ వ్యాధితో బాధపడుతున్న అలీ అంత్యక్రియలకు హాజరయ్యాడు. అలీ 2016 జూన్ 3న మరణించాడు. కల్పిత బాక్సర్ రాకీ విగ్రహం ఎన్నో ఏళ్ళుగా ఉన్న ఫిలడెల్ఫియాలో, ఆ ఊరి నిజమైన ఛాంపియన్ ఫ్రేజియర్‌కు 2015లో విగ్రహం నెలకొల్పారు.