చెరసాలలలో పుట్టిన స్వాతంత్ర్యము

గోలకొండ కోటను చూడబోవువారికి రామదాసు బందిఖానాను చూపుట నేటికిని ఆచారము. పాల్వంచ పరగణాకు తహసీలుదారై, సర్కారు పైకమును భద్రాద్రి రాముని కోవెలకు వెచ్చించిన ఆ రామదాసు, అనగా కంచెర్ల గోపన్న, తానీషా యేలుబడిలో పండ్రెండేండ్లు అచ్చట మగ్గెనని సంప్రదాయము చెప్పుచున్నది. ఆ చెరలో వెలువడినవని జనులు పాడుకొను కీర్తనలలో నా భక్తుడు తన బాధను దాచుకొనలేదు. సీతమ్మకును, లక్ష్మణ భరత శత్రుఘ్నులకును చేయించిన నగల వెలలను ఏకరువు పెట్టి, దేవుని నిలదీసి, దూషించి, పిదప దెబ్బల కోర్వలేక నోరు జారితినని క్షమాపణము వేడెను. సంకెళ్లు కాళ్లకే గాని, స్వామి యెదుట నాతనికి గల చనువునకు లేవు.

సహాయనిరాకరణ దినములలో చెరసాల పాలైన ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారి త్రోవ వేరు. డబ్లినులో బారిష్టరు చదువు ముగించి వచ్చిన ఆ విద్వాంసుడు, స్వీయ క్లేశములను వర్ణించుకొనుటకు మారుగా, తనకంటె అనేక తరములకు పూర్వమే ఊరి వెలుపల బంధింపబడినవారి బ్రతుకును తలపోసి, చెరలోనే ‘మాలపల్లి’ని రచించెను. 1922లో అచ్చైన ఆ నవలను చూచి వెరచి, మదరాసు ప్రభుత్వము దానిని నిషేధించెను.

1948 ప్రాంతమున నిజామాబాదు జైలులో నున్న దాశరథి కృష్ణమాచార్యులవారు, పండ్లు తోముకొనుట కిచ్చిన బొగ్గును కలముగాను, గోడను కాగితముగాను చేసికొని, నిజామును ధిక్కరించు పద్యమును వ్రాసిరి. అచ్చట వారికి తోడైన వట్టికోట ఆళ్వారుస్వామిగారు, తరువాతి కాలమున ‘జైలు లోపల’ యను సంపుటమున ఖైదీల గాథలను కథలుగా మలచి, లోక మెరుగని యా దీనులకు సాహిత్యమున చోటు కల్పించిరి.

కష్టమే వీరిని మహనీయులను గావించిన దనుట న్యాయము గాదు. అట్టి కష్టములకే లోబడి నశించినవా రెందరో గలరు. ఈ కృతుల వలన చెర పెట్టినవారి దోషము రవంతయు తగ్గదు. కాని తాము పడు బాధ యెవరి కొరకో, దేని కొరకో నిర్ణయించుకొను అధికారమును మాత్రము వీరు పాలకుల కప్పగింపలేదు. ఆ అధికారమే మనుష్యుని అంతస్స్వాతంత్ర్యము. దానిని పరుల దుఃఖనివారణకై వినియోగించినవాని జీవితమే సార్థకము.