వ్యస్తాక్షరి నుంచి పాస్‌వర్డ్ దాకా

సుందరకాండలో సీతమ్మ హనుమంతుడి చేతికి రెండు ఆనవాళ్లు ఇచ్చి పంపింది. ఒకటి చూడామణి. రెండోది కాకాసురుడి కథ, ఆలుమగలిద్దరికి తప్ప మూడో మనిషికి తెలియని సంగతి. నగనైతే దొంగిలించవచ్చు, మాటనైతే చాటుగా వినవచ్చు. రెండూ కలిసి వస్తే ఇక అనుమానానికి తావు లేదు. ఏటీఎం మనల్ని కార్డూ పిన్నూ రెండూ అడిగేది ఇందుకే.

ఆనవాలులోనే ఇంకో తీరు చూడాలంటే కృష్ణా డెల్టాకు రావాలి. అక్కడ కూచిపూడికి దగ్గరలోనే ఉంది మొవ్వ. 17వ శతాబ్దంలో క్షేత్రయ్య తన పదాలకు మువ్వగోపాల ముద్ర వేసింది ఆ ఊరి దేవుడి పేరుతోనే. ఎవరు పాడినా, ఎంత దూరాన పాడినా, పదం ఎవరిదో ఆ ముద్ర చెబుతుంది. అయితే అది పదిమందికీ తెలిసిన గుర్తు. ఎవరైనా తమ పాటకు తగిలించుకోవచ్చు. పేరు చెప్పడం వేరు, ఆ పేరు తనదేనని రుజువు చేయడం వేరు. ఈ తేడాను మరిచి, ఫోన్ నంబరునో పుట్టిన తేదీనో తాళంగా పెట్టుకోవడం వల్లే ఇవాళ ఎందరో డబ్బు పోగొట్టుకుంటున్నారు.

జ్ఞాపకం సంగతికొస్తే ఈ ప్రాంతానికి లోటు లేదు. కూచిపూడి భాగవతుల ఇళ్లలో భామాకలాపం తాళంతో, రాగంతో, అభినయంతో కలిసి ఒంటబట్టేది. మాట మరిచినా అడుగు గుర్తుచేస్తుంది. బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి, దివాకర్ల తిరుపతిశాస్త్రితో కలిసి అవధానాన్ని ఊరూరా ప్రజల వినోదంగా మార్చారు. అవధానంలో వ్యస్తాక్షరి అనే అంశం ఒకటుంది. పృచ్ఛకుడు ఒక వాక్యాన్ని విడగొట్టి, ఏడో అక్షరం ఇది, మూడోది ఇది అంటూ వరుస తప్పించి, మధ్యమధ్య అందిస్తాడు. అవధాని చివర్లో మొత్తం కూర్చి చెప్పాలి. చిందరవందర అక్షరాలను చోటుతో సహా మనసులో నిలపడమే కదా పాస్‌వర్డ్ మననుంచి కోరేది! కానీ అవధానికి ఒక ఆసరా ఉంది: ఆ అక్షరాల అడుగున అర్థమున్న వాక్యం ఉంటుంది. సగం అందేసరికే మిగతా సగం మెల్లగా తెలుస్తుంది. ఆ ఆసరా తీసేస్తే ఎంతటి ధారణ అయినా శ్రమపడాల్సిందే.

అంకెలకూ మన పెద్దలు ఇలాంటి ఆసరానే కల్పించారు. కటపయాది పద్ధతిలో ప్రతి హల్లుకూ ఒక అంకె ఉంది. మేచకల్యాణి అనే రాగం పేరులో మకారం 5, చకారం 6. తిరగేసి చదివితే 65. మేళకర్తల్లో ఆ రాగం సంఖ్య అదే. అంకెను మాటగా మార్చి దాచుకుంటే మనసు దాన్ని వదలదు.

రాతలోకి వచ్చాక కథ మారింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1923 నవంబరు 28న లావాదేవీలు మొదలుపెట్టింది. బ్యాంకుకు వెళ్లే రైతు ఇక గుర్తుపెట్టుకోవాల్సిందేమీ లేదు. సంతకం, పాస్‌బుక్కు, కౌంటర్ వెనక ముఖపరిచయం ఉన్న గుమాస్తా చాలు. సంతకం రానివారికి వేలిముద్ర. దాని చరిత్ర కూడా మన దేశంలోదే: 1858లో బెంగాల్‌లో విలియం హెర్షెల్ ఒక గుత్తేదారు చేత ఒప్పందం మీద అరచేతి ముద్ర వేయించాడు, 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం వెలిసింది. కాగితానికి ఉన్న భయం నీళ్లు. 1977 నవంబరు 19 ఉప్పెన దివిసీమలో వేల ప్రాణాలు తీసింది. ఇళ్లతో పాటు పెట్టెల్లోని కాగితాలూ కొట్టుకుపోయాయి.

కాగితం తర్వాత వంతు కంప్యూటర్‌ది. దానికి పాస్‌వర్డ్ పెట్టింది 1960ల తొలినాళ్లలో, అమెరికాలోని ఎంఐటీలో. ఒకే యంత్రాన్ని చాలామంది పంచుకునేలా ఫెర్నాండో కోర్బాటో బృందం తయారుచేసిన వ్యవస్థలో ఎవరి ఫైళ్లు వారికి దక్కాలని ఈ ఏర్పాటు. 1962లోనే అలన్ షెర్ అనే పరిశోధకుడు, తనకు కేటాయించిన సమయం చాలక, పాస్‌వర్డుల జాబితా మొత్తాన్ని అచ్చు తీసుకున్నాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా పెద్ద దొంగతనాల్లో చాలావాటిది ఇదే దారి: ఒక్కొక్కరి తాళం పగలగొట్టడం కాదు, తాళపుచెవుల గుత్తినే ఎత్తుకుపోవడం. 1979లో రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 3,289 పాస్‌వర్డులు పరిశీలిస్తే వాటిలో 86 శాతం పొట్టివో, నిఘంటువులో దొరికేవో, తేలిగ్గా ఊహించదగ్గవో. 2009లో రాక్‌యూ సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డులు బయటపడితే అన్నిటికన్నా ఎక్కువమంది వాడింది 123456.

దీనికి విరుగుడుగా 2003లో అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్‌లో బిల్ బర్ రాసిన మార్గదర్శకాలు లోకమంతా పాకాయి. పెద్దక్షరం, అంకె, ప్రత్యేక చిహ్నం కలపాలి, అప్పుడప్పుడు మార్చాలి. జనం చేసిందేమిటి? పాత మాట చివర ఒకటి చేర్చారు, మూడు నెలలకు రెండు చేశారు. 2017లో నిస్ట్ ఆ నియమాలను వెనక్కి తీసుకుంది. బర్ స్వయంగా విచారం వెలిబుచ్చారు. పొడవే బలం, ఊరికే మార్చనక్కర్లేదు, లీకైన జాబితాల్లో ఉన్నవి ఒప్పుకోవద్దు అన్నది కొత్త మాట. మన దగ్గర ఎన్నో వెబ్‌సైట్లు ఇప్పటికీ 2003లోనే ఉన్నాయి.

ఈలోగా డెల్టాలోని ప్రతి ఇంటికీ ఈ బరువు చేరింది. 2009 నుంచి ఆన్‌లైన్ కార్డు చెల్లింపులకు రిజర్వు బ్యాంకు రెండో రుజువు తప్పనిసరి చేసింది. 2016లో యూపీఐ వచ్చింది. గుడివాడలో ఉన్న తల్లిదండ్రుల గ్యాస్, కరెంటు, పింఛను ఖాతాలను డల్లాస్ నుంచి కొడుకు చూస్తున్నాడు, ఓటీపీ మాత్రం నాన్న ఫోన్‌కు వస్తుంది. పాస్‌వర్డులు నోటుపుస్తకంలో రాసుకున్న పెద్దవాళ్లను పిల్లలు కసురుతుంటారు. అది అన్యాయం. బ్రూస్ ష్నయర్ 1997లోనే పాస్‌వర్డులను దాచే ప్రోగ్రాం తయారుచేసిన మనిషి. ఆయనే 2005లో కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోమన్నాడు. విదేశంలోని దొంగ చేయి మన బీరువా దాకా రాదు. ఫోన్ వాడకం బాగా తెలిసినవారికి పాస్‌వర్డ్ మేనేజర్ మేలు: ఒక్క పొడుగాటి మాట మన మనసులో ఉంటే, ఖాతాకొకటి చొప్పున మిగతావి అది గుర్తుపెట్టుకుంటుంది.

వేలిముద్ర ఉండగా ఇదంతా ఎందుకని అడిగేవారికి 2018లో పెద్దపల్లి జిల్లాలో బయటపడ్డ కేసు చెప్పాలి. రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లోని భూమి దస్తావేజుల నుంచి వేలిముద్రలు దించుకుని, నకళ్లు చేసి, ఒకడు వేల సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం. బొటనవేలిని మార్చుకోలేం. పాస్‌వర్డ్ బదులు వాడేందుకు 2022 నుంచి వ్యాప్తిలోకి వస్తున్న పాస్‌కీలు ఇక్కడ కొంత నయం. రహస్యం ఫోన్‌లో ఉంటుంది, వేలిముద్ర ఆ ఫోన్‌ను తెరవడానికే. కానీ ఆ ఫోన్ పోతే తిరిగి లోపలికి వచ్చే దారి ముందే చూసుకోవాలి.

నాకు పట్టరాని బాధ ఒకటుంది. నిస్ట్ 2017 మార్గదర్శకాల్లోనే కనీసం 64 అక్షరాల పొడవును అనుమతించాలని ఉంది. ఖాళీలు, యూనికోడ్ అక్షరాలు, అంటే మన తెలుగు లిపి కూడా, ఒప్పుకోవాలని ఉంది. కలాపమంతా కంఠస్థమైన కూచిపూడి ఇల్లాలికి సొంతంగా అల్లుకున్న తెలుగు వాక్యం పదేళ్లయినా మరుపు రాదు. ప్రసిద్ధ పద్యపాదం పెట్టకూడదు, అది దొంగలకూ తెలుసు. ఒకదానికొకటి పొంతనలేని నాలుగైదు మాటలు, తనకే తోచిన వరుసలో చాలు. ఆమెను ఇంగ్లీషు పెద్దక్షరం, ఒక అంకె, ఒక ఎట్ గుర్తు అడిగే పేజీని రాసినవారు తెలుగు నేల మీదే ఉన్నారు. టైపు చేసిన తెలుగు అక్షరం ఏ కీబోర్డు నుంచి వచ్చినా ఒకేలా పోల్చుకునే పద్ధతి కూడా యూనికోడ్‌లో ఎప్పటి నుంచో ఉంది. ఆ పేజీలోని నియమాన్ని సవరించడం మిగిలింది, అంతే.