పెట్ స్కాన్: తప్పుదారి పట్టించే ఫలితాలు

క్యాన్సర్ లేనిచోట ఉన్నట్టు, ఉన్నచోట లేనట్టు పెట్ స్కాన్ చూపే సందర్భాలివి. ఈ పరీక్షలో ఎక్కువగా వాడే ఎఫ్‌డీజీ, ఫ్లోరిన్-18 చేర్చిన గ్లూకోజు వంటి పదార్థం. దాని రేడియోధార్మికత సుమారు 110 నిమిషాల్లో సగానికి తగ్గుతుంది. గ్లూకోజును ఆబగా పీల్చుకునే కణితి స్కాన్‌లో మెరుస్తుంది.

క్షయ సోకిన భాగమూ అలాగే మెరుస్తుంది. ప్రపంచ క్షయ రోగుల్లో దాదాపు నాలుగో వంతు భారత్‌లోనే ఉన్నారు కనుక, తెలంగాణలోని జనగామ, మహబూబాబాద్ వంటి జిల్లాల రోగుల నివేదికలు చదివేటప్పుడు ఈ సంగతి మరువరాదు. సింగరేణి గనులున్న భూపాలపల్లిలో మరో జాగ్రత్త అవసరం: ఏళ్ల తరబడి బొగ్గు ధూళి పీల్చినవారి ఊపిరితిత్తుల్లో ఏర్పడే గట్టి మచ్చలు కణితిని తలపించగలవు.

రక్తంలో చక్కెర ఎక్కువగా ఉన్నా, కణితి మరీ చిన్నదైనా నిజమైన క్యాన్సర్ మరుగున పడవచ్చు. చాలా ప్రోస్టేట్ క్యాన్సర్లు ఎఫ్‌డీజీని అంతగా పీల్చుకోవు. వాటికి, ప్రోస్టేట్ క్యాన్సర్ కణాలపై ఉండే పీఎస్‌ఎంఏ అనే ప్రోటీన్‌ను గుర్తించే పీఎస్‌ఎంఏ పెట్ మెరుగు.

అనుమానం ఉన్నచోట బయాప్సీతో, క్షయ పరీక్షలతో నిర్ధారించుకున్నాకే చికిత్స మొదలుపెట్టాలి.