నిజాం గారి పసుపు రోల్స్ రాయిస్... దాని అసలు పేరేంటి?

చిల్కూరు బాలాజీ గుడికి వెళ్ళిన మన సాఫ్ట్‌వేర్ జనాలకి గండిపేట చెరువు తెలిసే ఉంటుంది. 1908 మూసీ వరదల తర్వాత, 1920లో, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో పూర్తయిన ఉస్మాన్ సాగర్ అది. వీసా కోసం 11 ప్రదక్షిణలు, వచ్చాక 108 ప్రదక్షిణలు చేసి మనం సముద్రాలు దాటుతాం సరే. వందేళ్ళ క్రితం అటు నుంచి ఇటు సముద్రం దాటొచ్చిన ఒక పెద్దమనిషి చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్నాడు. పసుపు రంగు రోల్స్ రాయిస్.

ఈ కారు మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు "నిజాం రోల్స్ రాయిస్‌తో చెత్త ఎత్తించాడంట" అంటారు. ఇదే కథ ఆళ్వార్ రాజుకీ ఉంది, పటియాలా రాజుకీ ఉంది, భరత్‌పూర్ రాజుకీ ఉంది. పేరు మార్చి ఫార్వర్డ్ చేసే కథ అన్నమాట! అసలు కథ అంతకన్నా బావుంటుంది.

ఈ కారుని ఆర్డర్ చేసింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. ఆయన 1911 ఆగస్టులో పోయారు. కారు వచ్చేసరికి గద్దె మీద కొడుకు ఉన్నాడు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది, ఊరేగింపుల్లో జనానికి ప్రభువు కనపడాలి కదా. దర్బారు వేడుకలకి తప్ప బయటికి తీసేవారు కాదు.

మరి ఇది ఏ మోడల్? అందరూ "సిల్వర్ ఘోస్ట్" అంటారు. నిజానికి అప్పట్లో కంపెనీ పెట్టిన పేరు "40/50 హార్స్‌పవర్". సిల్వర్ ఘోస్ట్ అనేది 1907లో వెండి రంగు వేసిన ఒకే ఒక్క కారు పేరు, దాని ఛాసీ నంబరు 60551. ఆ ఏడాది అది 14,371 మైళ్ళ పరీక్షలో నెగ్గాక, జనం ఆ మోడల్ మొత్తానికీ అదే పేరు పెట్టేశారు. 1925లో ఫాంటమ్ వచ్చాకే కంపెనీ కూడా పాత మోడల్‌ని ఆ పేరుతో పిలవడం మొదలుపెట్టింది.

ఇంకో చిక్కు. రోల్స్ రాయిస్ అమ్మింది ఛాసీ, ఇంజన్ మాత్రమే. బాడీ వేరేవాళ్ళు కట్టాలి. మన లారీల పద్ధతే! ఛాసీ కంపెనీది, బాడీ విజయవాడ ఆటోనగర్‌ది. నిజాం కారుకి బాడీ కట్టింది లండన్‌లోని బార్కర్ కంపెనీ. అందుకే రెండు సిల్వర్ ఘోస్ట్‌లు పక్కపక్కన పెడితే అన్నదమ్ముల్లా కూడా ఉండవు. పైగా పాత బాడీ పీకి కొత్తది తగిలించడం అప్పట్లో మామూలే. చూపుకి నమ్మకం లేదు. మన భాషలో చెప్పాలంటే బాడీ అనేది స్కిన్, ఛాసీ నంబరే ప్రైమరీ కీ. ఆర్డర్ ఒక ఏడాది, ఛాసీ ఇంకో ఏడాది, డెలివరీ మరో ఏడాది. ఒకే కారుకి ఒకచోట 1911, ఇంకోచోట 1912 అని రాస్తారంటే కారణం ఇదే.

ఇక రవాణా. ఆ రోజుల్లో ఇంగ్లండు బళ్ళకి దారి ఓడ మీద సూయజ్ మీదుగా బొంబాయి, అక్కణ్ణించి రైల్లో వాడి జంక్షన్, ఆపైన 1874లో వేసిన నిజాం రైలు మార్గంలో హైదరాబాదు. ఇప్పుడైతే ఇలాంటి బండిని నడిపి తీసుకెళ్ళరు. మూసి ఉన్న లారీలోకి వించ్‌తో మెల్లగా లాగి, పట్టీలు బాడీకి కాకుండా ఇరుసులకి కడతారు, ఎందుకంటే రేకు వెనకాల ఉండేది చెక్క ఫ్రేము. 7,428 సీసీ ఇంజన్, ఆ బరువు, ముందు చక్రాలకి బ్రేకులే లేవు... ర్యాంపు మీద జారితే ఆపడం ఎవరి తరం?

ఇదంతా రాజుల గోల, మనకెందుకు అంటారా? 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల రిజిస్ట్రేషన్‌కి నియమాలు తెచ్చింది. 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో పెద్ద మార్పుల్లేకుండా ఉన్న బండికి నంబర్ ప్లేటు మీద "వీఏ" అక్షరాలు ఇస్తారు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది. కాకపోతే ఆ బండి ఏంటో, ఎప్పటిదో రుజువు చూపించాలి.

నా మటుకు నాకు భయం అక్కడే. నిజాం కారుకి ప్యాలెస్ ఉంది, కాపలా ఉంది. మన ఊళ్ళ పశువుల కొట్టాల్లో పడున్న ఫోర్డులకీ, ఆస్టిన్‌లకీ ఎవరున్నారు? వాటిని తుక్కు కింద కిలోల లెక్కన అమ్మేస్తే ఇనుముతో పాటు ఛాసీ నంబరు కూడా పోతుంది. నంబరు పోతే చరిత్ర పోయినట్టే, మిగిలేది చెత్తబండి కథలే.

ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు తాతగారి పాత బండి కనిపిస్తే దుమ్ము తుడిచి, ఆ నంబరు ఫోటో తీసి, పాత ఆర్సీ పుస్తకం ఎక్కడుందో ఇంట్లోవాళ్ళని అడిగి పెట్టుకోండి. సెల్ఫీ తర్వాతైనా తీసుకోవచ్చు.