ఒక గొంతు, రెండు స్వరాలు: తువా, మంగోలియా కంఠగానం

పరిచయం



ఇంతవరకు మీరు చదివిన మంగోలులు గుర్రాల మీద, కత్తులతో వచ్చినవారు. చెంఘిజ్ ఖాన్ దండయాత్రలు, అల్లావుద్దీన్ ఖిల్జీ కాలంలో ఢిల్లీపై జరిగిన దాడులు మీకు తెలుసు. ఆ వృత్తాంతాల్లో ఎక్కువ భాగం వారి చేతిలో ఓడినవారో, వారిని చూసి భయపడినవారో రాసినవి. గడ్డి మైదానంలో మందను కాసుకున్న సామాన్యుడి గొంతు వాటిలో వినిపించదు. నేనూ చాలా ఏళ్లు ఆ గొంతు లేకుండానే ఈ పాఠం చెప్పాను. కంఠగానం రికార్డు మొదటిసారి విన్నప్పుడు ఇద్దరు పాడుతున్నారనుకున్నాను. పాడుతున్నది ఒక్కడేనని తెలిశాక నా పాఠాన్ని తిరగరాసుకున్నాను.

ఈ భాగం చదివిన తరువాత మీరు కంఠగానం ఎలా పుడుతుందో, 20వ శతాబ్దపు రాజకీయాలు దానిని ఎలా మార్చాయో, దాని ఆకర్షణను చరిత్ర దృష్టితో ఎలా పరిశీలించాలో వివరించగలుగుతారు.

1. స్వరం పుట్టే తీరు

తువా దక్షిణ సైబీరియాలో, మంగోలియాకు ఉత్తరాన ఉంది. ఇప్పుడది రష్యన్ సమాఖ్యలో ఒక గణతంత్రం. రాజధాని కిజిల్. తువన్ల భాష తుర్కిక్ కుటుంబానికి చెందింది, మంగోలులది వేరే కుటుంబం. అయినా పశుపోషణ, సంచార జీవనం, ఈ గానం ఇద్దరికీ ఉమ్మడివి. తువన్లు దీనిని ఖోమెయ్ అని, మంగోలులు ఖోమీ అని అంటారు.

కచేరీలో తంబురను శ్రద్ధగా వినండి. ఎవరూ మీటని అంతర గాంధారం అందులో వినిపిస్తుంది. దానిని మన సంగీతజ్ఞులు స్వయంభూ స్వరం అంటారు. మనిషి గొంతులోనూ ప్రతి స్వరం వెంట దానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యం గల అనుస్వరాలు ఉంటాయి. మామూలుగా అవన్నీ కలిసిపోయి ఒకే ధ్వనిగా వినిపిస్తాయి. కంఠగాయకుడు నాలుకను, పెదవులను సర్ది, నోటిలోని అనునాదాన్ని ఒక్క అనుస్వరం మీద నిలుపుతాడు. అప్పుడు అది సన్నని ఈలలా విడిగా పైకి వస్తుంది.

ఆధార స్వరం 150 హెర్ట్జ్ అనుకుందాం. 8, 9, 10, 12వ అనుస్వరాలు 1200, 1350, 1500, 1800 హెర్ట్జ్ అవుతాయి. ఈ నిష్పత్తులు మన స, రి, గ, పలవి. తువా గాయకులు సాధారణంగా 7, 11వ అనుస్వరాలను వదిలేస్తారు. అందుకే వారి బాణీ మనకు మోహన రాగాన్ని తలపిస్తుంది. అంతమాత్రాన ఆ సంగీతం ఇక్కడి నుంచి వెళ్లిందనుకోకండి. అది ధ్వని స్వభావం. పోలిక కనబడగానే చుట్టరికం కలపడం చరిత్ర విద్యార్థి చేయకూడని పని.

తువాలో మూడు శైలులు ముఖ్యమైనవి: మృదువైన ఖోమెయ్, ఈల లాంటి సిగిత్, బొంగురైన కర్గిరా. కర్గిరాలో స్వరతంత్రులకు పైనున్న మడతలు కూడా కంపించి, ఒక స్థాయి దిగువ స్వరాన్ని పుట్టిస్తాయి. సెలయేటి దొర్లింపును, గుర్రపు నడకను అనుకరించే శైలులు కూడా ఉన్నాయి. పశువుల కాపరికి ఇది కొండతో, నీటితో మాట్లాడే భాష.

2. మైదానం నుంచి వేదికకు

తువా 1921లో స్వతంత్ర రాజ్యమై, 1944లో సోవియట్ యూనియన్‌లో విలీనమైంది. మంగోలియా 1924లో ప్రజా గణతంత్రమైంది. రెండుచోట్లా లామాలను, షామన్లను అణచివేసిన ప్రభుత్వాలు, కంఠగానాన్ని మాత్రం జానపద కళగా వేదిక ఎక్కించాయి. కొండవాలున ఒంటరిగా పాడుకున్న పాటకు బృందం, దుస్తులు, గడియారం వచ్చి చేరాయి. కళ నిలిచింది, దాని సందర్భం మారింది.

బయటి ప్రపంచానికి ఆ తలుపు చాలాకాలం మూసే ఉంది. చిన్ననాడు చూసిన తువా తపాలా బిళ్లలను మరచిపోని భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ ఆ దేశానికి వెళ్లాలని ఏళ్ల తరబడి ప్రయత్నించాడు. 1988లో ఆయన మరణించాకే అనుమతి లేఖ చేరింది. అంధుడైన అమెరికన్ బ్లూస్ గాయకుడు పాల్ పేనా 1984లో మాస్కో రేడియోలో ఈ గానం విని, గురువు లేకుండానే సాధన చేశాడు. 1995లో కిజిల్ వెళ్లి కర్గిరా పోటీలో గెలిచాడు. సోవియట్ యూనియన్ కూలాక 1992లో ఏర్పడిన హూన్ హూర్ తూ బృందం తువా పాటను ప్రపంచ వేదికలకు తీసుకువెళ్లింది. నేడు మంగోలియాకు చెందిన ద హూ బృందం దానిని రాక్ సంగీతంతో కలిపి పాడుతోంది.

పాడితే సంతానానికి చేటని స్త్రీలను దూరం పెట్టిన నమ్మకాన్ని కాదని, 1998లో తివా కిజి అనే మహిళా బృందం తువాలోనే ఏర్పడింది. సంప్రదాయాన్ని మార్చేది బయటివారే కాదని దీనివల్ల గ్రహించండి.

3. ఇది ఎవరి సొత్తు?

యునెస్కో వారసత్వ జాబితాలో ఈ కళను 2009లో చైనా పేరుతో, 2010లో మంగోలియా పేరుతో చేర్చారు. చైనాలోని ఇన్నర్ మంగోలియాలోనూ మంగోలులు నివసిస్తారు. తువా పేరు మాత్రం అందులో లేదు. ప్రతిపాదన పంపవలసింది ఒప్పందంలో చేరిన దేశాలు. తువా దేశం కాదు, రష్యా ఆ 2003 నాటి ఒప్పందంలో చేరలేదు. గడ్డి మైదానం పాతది, దాని మీద సరిహద్దు గీతలు కొత్తవి. అయినా గుర్తింపు గీతలను బట్టే వచ్చింది.

సారాంశం

ఈ గానం మారకుండా వేల ఏళ్ల నుంచి వస్తోందని చాలాచోట్ల చదువుతారు. గొంతు శాసనాలు చెక్కదు. మనకు దొరికే ధ్వనిముద్రణలు 20వ శతాబ్దానివే. ‘కాలానికి అతీతం’ అన్న మాట వినడానికి ఇంపుగానే ఉంటుంది. కానీ ఆ మాట నమ్మితే అణచివేతను తట్టుకున్నవారు, వేదిక కోసం పాటను మలచినవారు, నిషేధాన్ని దాటిన స్త్రీలు, అందరూ కనుమరుగవుతారు. పాటను ఆశ్చర్యంతో వినండి. విన్నాక, పాడుతున్న మనిషి ఏ కాలంవాడో, ఏ నేలవాడో అడగండి.

మీ అవగాహనను పరీక్షించుకోండి

1. తువా, మోహన బాణీల పోలిక సాంస్కృతిక సంబంధానికి ఎందుకు ఆధారం కాదు?
2. సోవియట్ కాలంలో కంఠగానం పొందినదేమిటి, పోగొట్టుకున్నదేమిటి?
3. మీ ఊరి జానపద కళ ఒకటి వేదిక ఎక్కాక ఎలా మారిందో పెద్దలను అడిగి ఒక పుటలో రాయండి.