వేళ్ల సందులో నరం: మోర్టన్ నొప్పికి ఆపరేషన్ చరిత్ర

మోర్టన్ న్యూరోమా మునిపాదంలో, ఎక్కువగా మూడో వేలికీ నాలుగో వేలికీ మధ్య వచ్చే నొప్పి. ఆ సందులోంచి వేళ్లకు వెళ్లే సన్నని నరం చుట్టూ పీచు కణజాలం పేరుకుని నరం లావెక్కుతుంది. నడుస్తూండగా మేజోడు కింద గులకరాయి ఇరుక్కున్నట్టు అనిపించి, ఉన్నట్టుండి మంట పుట్టి వేళ్లలోకి జివ్వున పాకుతుంది. అప్పుడు రోగులు చేసే పని దాదాపు ఒక్కటే. నడివీధిలో ఉన్నా సరే, ఆగి, బూటు విప్పి, మునిపాదాన్ని చేత్తో పిసుక్కుంటారు. కాసేపటికి నొప్పి దిగిపోతుంది. బూటు తొడిగి నాలుగడుగులు వేస్తే మళ్లీ మొదలు. కొన్నాళ్లు ఊసే లేకుండా పోయి, నెలల తర్వాత తిరిగి రావడమూ ఉంది. మగవారికంటే ఆడవారిలో ఎక్కువ. నిజమైన కణితి కాదు కాబట్టి ప్రాణానికి ముప్పేమీ లేదు. ఆపరేషన్ మాట వచ్చేసరికి చిక్కంతా అక్కడే వచ్చింది. ప్రాణం మీదికి రాని, వచ్చి పోయే నొప్పికి కాలు కోయించుకోవాలా అన్నది దాదాపు 150 ఏళ్లుగా తెగని ప్రశ్న.

ఈ నరం వాపును 1835లోనే ఇటలీలోని పిస్టోయాలో ఫిలిప్పో చివినీని అనే శరీరశాస్త్రజ్ఞుడు శవాన్ని కోసి పరిశీలిస్తూ గుర్తించాడు. పదేళ్ల తర్వాత, 1845లో, విక్టోరియా రాణికి పాదవైద్యుడిగా ఉన్న లూయిస్ డర్లాకర్ ఆనెలు, గోళ్ల జబ్బుల మీద లండన్‌లో వేసిన పుస్తకంలో ఈ నొప్పిని వర్ణించాడు. ఇది నరానికి సంబంధించిన బాధేనని కూడా రాశాడు. ఈ రెండింటినీ కలిపి చూసినవారు ఆనాడు లేరు. కలిపి చూసి ఉంటే తర్వాతి కాలంలో ఎన్నో పాదాల్లో ఎముకలు మిగిలేవి.

ఫిలడెల్ఫియాలోని పెన్సిల్వేనియా హాస్పిటల్ సర్జన్ థామస్ జార్జ్ మోర్టన్ 1876లో ఇలాంటి రోగుల వివరాలను ఒకచోట చేర్చి వ్యాసం ప్రచురించాడు. వారిలో ఎక్కువమంది ఆడవారే. నొప్పికి మూలం నాలుగో వేలి మొదట్లో ఉన్న కీలు అని అతని అభిప్రాయం. చిటికెనవేలి వెనుక ఎముక పొట్టిగా, కాస్త వదులుగా ఉంటుంది కాబట్టి బిగుతు బూటులో అది పక్క ఎముక మీదికి నొక్కుకుంటుందనీ, మధ్యలో నరం నలుగుతుందనీ వివరించాడు. తేలికపాటి బాధకు విశ్రాంతి, వెడల్పాటి బూట్లు చాలన్నాడు. తగ్గనివారికి మాత్రం నాలుగో వేలి కీలునూ దాని చుట్టూ ఉన్న మెత్తని కణజాలాన్నీ తీసేయడమే శాశ్వత పరిష్కారమని చెప్పాడు.

ఆ రోజుల్లో దీనికి ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఈథర్ మత్తు వచ్చి అప్పటికి 30 ఏళ్లయింది కాబట్టి కోత నొప్పి తెలిసేది కాదు. చీము పట్టడం మాత్రం అలాగే ఉంది. అదే 1876 సెప్టెంబరులో అంతర్జాతీయ వైద్య మహాసభకు జోసెఫ్ లిస్టర్ ఫిలడెల్ఫియాకే వచ్చి, కార్బాలిక్ ఆమ్లంతో గాయాలను శుభ్రంగా ఉంచే పద్ధతిని వివరించాడు. అమెరికా సర్జన్లలో చాలామంది పెదవి విరిచారు. అలాంటి కాలంలో వేలి కీలు తీయించుకోవడానికి రోగులు సిద్ధపడ్డారంటే బాధ ఏ స్థాయిలో ఉండేదో ఊహించవచ్చు. మోర్టన్ కూడా కత్తి పట్టడానికి వెనుకాడే మనిషి కాడు. 1887లో వాచిన అపెండిక్స్‌ను కోసి తీసి రోగిని బతికించిన తొలితరం సర్జన్లలో అతనూ ఒకడు.

మోర్టన్ ఆపరేషన్ చాలామందికి పనిచేసింది. అయితే అతను అనుకున్న కారణంతో కాదు. కీలుతో పాటు చుట్టూ ఉన్న కణజాలం తీసేటప్పుడు నరం ముక్క కూడా అందులో పోయేది. నొప్పి తగ్గడంతో సిద్ధాంతమూ నిజమేనని అందరూ నమ్మారు. 1893లో షికాగోలో హోడ్లీ అనే సర్జన్ ఎముక జోలికి పోకుండా నరాన్ని వెతికి, దాని మీద ఉన్న చిన్న ఉబ్బును తీసి, రోగికి పూర్తిగా నయమైందని రాశాడు. సరైన దారి అదే అయినా దాదాపు అర్ధశతాబ్దం దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఇంగ్లండ్‌లో రాబర్ట్ జోన్స్, టబ్బీ 1898లో ఈ జబ్బు మీద పెద్ద వ్యాసం రాశాక కూడా, మందులకూ కట్లకూ లొంగని నొప్పికి ఎముక తలను తీయడం కొనసాగింది.

నరం వైపు చూపు మళ్లింది 1940లో. ఆస్ట్రేలియాలోని అడిలైడ్ సర్జన్ బెట్స్, నొప్పంతా వేళ్ల నరానిదేనని ఖరారుగా చెప్పి, నరాన్ని మాత్రమే తీసి ఫలితాలు చూపించాడు. 1951లో డచ్ వైద్యుడు మల్డర్ చేతి పరీక్ష ఒకటి చెప్పాడు. ఒక చేత్తో మునిపాదాన్ని రెండు పక్కల నుంచీ నొక్కుతూ, రెండో చేతి బొటనవేలితో అరికాలి వైపు నుంచి ఆ సందును ఒత్తితే, లావెక్కిన నరం ఎముకల మధ్య నుంచి జారి టక్కుమంటుంది. నొప్పి కూడా ఎప్పుడూ వచ్చే చోటే వస్తుంది. ఇప్పటికీ ఔట్‌పేషెంట్ గదిలో చేసే తొలి పరీక్ష ఇదే. ఇక కోత ఎటు పెట్టాలన్నది వేరే వాదం. అరికాలి వైపు కోస్తే నరం సులువుగా దొరుకుతుంది గానీ, బరువు మోసే చోట మచ్చ పడితే అదే కొత్త నొప్పి కావచ్చు. అందుకే మొదటి ఆపరేషన్‌కు పాదం పైవైపు కోత ఎక్కువగా వాడుకలోకి వచ్చింది.

నరం తీసేస్తే ఆ రెండు వేళ్ల ఎదురెదురు వైపులు శాశ్వతంగా మొద్దుబారతాయి. ఈ మూల్యం లేకుండా పని జరగదా అని ఫ్రాన్స్‌కు చెందిన గోతియే 1979లో మరో దారి చూపాడు. నరం మీదుగా ఎముకలను కలిపే అడ్డ లిగమెంటును కోసి, నరాన్ని అలాగే వదిలేయడం. రెండు పద్ధతులూ నేటికీ నడుస్తున్నాయి.

ఫలితాలను నిజాయితీగా లెక్కగట్టడం ఆలస్యంగా మొదలైంది. 1983లో మాన్, రెనాల్డ్స్ ప్రచురించిన పరిశీలనలో నరం తీయించుకున్నవారిలో సుమారు 80 శాతానికి మేలు జరిగింది. 14 శాతానికి ఆపరేషన్ పనిచేయలేదు. 1995లో బెన్నెట్ బృందం 115 మందికి మెట్లవారీగా వైద్యం చేసింది: మొదట వెడల్పాటి బూటు, మునిపాదం కింద మెత్త, తగ్గకపోతే స్టెరాయిడ్ ఇంజెక్షన్, అప్పటికీ తగ్గకపోతేనే ఆపరేషన్. చివరికి కత్తి దాకా వెళ్లినవారు 21 శాతమే.

ఎం.ఆర్.ఐ. వచ్చాక నిర్ణయం తేలికవుతుందనుకున్నారు. అయితే 1997లో నొప్పి ఏమీ లేని 70 మంది పాదాలను స్కాన్ చేస్తే 30 శాతం మందిలో ఇదే నరం ఉబ్బు కనిపించింది. కాబట్టి ఫిల్ములో ఉబ్బు ఉందన్న ఒక్క కారణంతో కోయరు. స్కాన్‌కూ చేతి పరీక్షకూ రోగి చెప్పే నొప్పికీ పొంతన కుదరాలి.

ఆపరేషన్ తర్వాత నొప్పి తిరిగి వస్తే సమస్య మరింత జటిలం. చాలాసార్లు కోసిన నరం కొస దగ్గర కొత్త ఉబ్బు పెరుగుతుంది. రెండోసారి కోసేవారు తరచూ అరికాలి వైపు నుంచి వెళ్లి, నరాన్ని ఇంకాస్త వెనక్కి కత్తిరించి, దాని కొసను బరువు పడని చోట కండరంలో దాస్తారు. ఫలితం మొదటిదానంత బాగుండదు. అందుకని చాలామంది సర్జన్లు రెండో కోతకు ముందు మళ్లీ బూటు, మెత్త, ఇంజెక్షన్లతోనే మొదలుపెడతారు.