సాక్షి లేని సొమ్ము

ఖమ్మము నుండి సత్తుపల్లికి పోవు రోడ్డు మీద వైరా దాటిన తరువాత తల్లాడ వచ్చును. కొత్తగూడెము దారి ఇక్కడనే చీలును. ఆ దారిన ఏన్కూరు, జూలూరుపాడుల మీదుగా పోయిన కొలది పొలములు పలుచబడి అడవి చిక్కనగును. మిరప, ప్రత్తి పండించు ఈ ప్రాంతపు రైతు పంట అమ్మునపుడు కొనువాని ముఖము చూచును, తూకము చూచును, పక్కన నలుగురు ఉందురు. దూరాన ఉన్న మనిషికి సొమ్ము పంపవలసి వచ్చినపుడు మాత్రము కంటికి కనబడని వానిని నమ్మక తప్పదు. ఈనాడు ఫోను మీద జరుగుచున్న మోసములన్నియు ఈ కనబడనితనము మీదనే బ్రతుకుచున్నవి. అయితే కనబడనితనము కొత్తది కాదు. కొత్తది మరియొకటి ఉన్నది. అది తెలియుటకు కొంచెము వెనుకకు పోవలెను.

భారత తపాలా శాఖ 1880లో మనియార్డరు పనిని చేపట్టినది. హైదరాబాదు సంస్థానపు తపాలా 1950 ఏప్రిలులో ఆ శాఖలో కలసినది. మనియార్డరు పంపదలచినవాడు తపాలా కార్యాలయమునకు నడచి పోవలెను, ఫారము నింపవలెను, వ్రాత రానిచో ఎవరినైన అడిగి వ్రాయించుకొనవలెను. వ్రాసి పెట్టువాడు ఊరకుండునా? "ఎవరికయ్యా ఇంత పంపుతున్నావు?" అని అడుగును. అవతల ఊరిలో పోస్టుమాన్ ఇంటికి పోయి, మనిషిని గుర్తించి, సంతకమో వేలిముద్రయో తీసుకొని, రూపాయలు లెక్కపెట్టి ఇచ్చెడివాడు. ఈ రెంటి నడుమ కొన్ని రోజులు గడచెడివి. ఆ ఆలస్యమును విసుగుకొననివారు లేరు. కాని అందులో రెండు కాపుదలలు ఇమిడి ఉండినవి: ఒకటి సాక్షి, రెండవది గడువు. వీనిని ఎవరును మోసమును ఆపుటకని ఏర్పరచలేదు. పని నడచు తీరులోనే అవి ఉండినవి గనుక, పోయినపుడు పోయినట్లు కూడ ఎవరికిని తోచలేదు.

సాక్షియు గడువును ఉన్న కాలమున మోసము లేదా? లేకేమి! పద్దెనిమిదవ శతాబ్దము చివర, ఫ్రెంచి విప్లవపు రోజులలో, పారిస్ దాపున బిసేత్ర్ అను చెరసాలలోని ఖైదీలు జాబులు వ్రాసి బ్రతికిన ముచ్చటను విడోక్ తన జ్ఞాపకములలో చెప్పినాడు. ఇతడు మొదట నేరస్థుడు, తరువాత పారిస్ నేర పరిశోధక దళమునకు అధిపతి. ఆ గ్రంథము 1828లో వెలువడ నారంభించినది. ఖైదీ ఒక ధనికునికి ఇట్లు వ్రాయును: తాను ఒక ప్రభువుకు సేవకుడు, పారిపోవుచు ప్రభువు రత్నాల పెట్టెను ఒకచోట దాచినాడు, ఆ గుర్తులున్న కాగితము విడిపించుకొనుటకు కొద్ది పైకము కావలెను, ఈ సంగతి మూడవ చెవిన పడరాదు. నూరు జాబులు పంపిన ఇరువదింటికి జవాబు వచ్చెడిదట. ఇరువదవ శతాబ్దపు 1980ల నుండి నైజీరియా పేర వచ్చిన ఉత్తరములు ఇవే. ఆ దేశపు శిక్షాస్మృతిలోని సెక్షనును బట్టి వానికి 419 అను పేరు స్థిరపడినది. లాటరీ తగిలినదనియు, పన్ను ముందుగా కట్టవలెననియు వచ్చు నేటి సందేశము ఆ జాబుకు మునిమనుమడు. దూరపు మనిషి, పెద్ద ఆశ, ముందుగా చిన్న పైకము, ఎవరికిని చెప్పరాదను కట్టడి, ఈ నాలుగును రెండు వందల ఏండ్లలో మారలేదు.

మారినది వేగము. దేశమున సెల్‌ఫోనుపై తొలి మాట 1995 జూలై 31న నడచినది. 2016లో యు.పి.ఐ. వచ్చినది, ఆ నవంబరులో పెద్ద నోట్లు రద్దయినవి. తెలంగాణలో రైతుబంధు సొమ్మును 2018 మే నెలలో మొదట చెక్కులుగా ఊరిలో పదిమంది ఎదుట పంచినారు. తరువాతి విడతల నుండి ఖాతాలకే పంపసాగినారు. ఖాతాకు నేరుగా పడుట మేలే. మధ్యవర్తి పోయినాడు. అతనితో పాటు సాక్షి కూడ పోయినాడు. సొమ్ము వచ్చిన సంగతి రైతుకు ఫోనులోని ఒక సందేశము వలననే తెలియుచున్నది. మోసగాడును సందేశమే పంపగలడు. కిసాన్ పథకము పేర వాట్సాప్‌లో తిరుగు ఎ.పి.కె. ఫైళ్లు ఈ సందున పుట్టినవే. ఎ.పి.కె. అనగా ఫోనులో కొత్త అప్లికేషనును నాటు విత్తనము. దానిని తెరచి, అది అడిగిన అనుమతులన్నియు ఇచ్చినచో, బ్యాంకు పంపు రహస్య సంఖ్యలను అది చదివి అవతలివానికి చేరవేయును.

తెరపై కనబడు నంబరు సంగతి ఉపాధ్యాయులు తరగతిలో వివరింపదగినది. కవరు వెనుక 'పంపువారు' అని ఎవరి పేరైనను వ్రాయవచ్చును. తపాలా ముద్రను మాత్రము కార్యాలయమే వేయును. ఫోనులో నంబరు ముద్ర వంటిదని జనులు తలచుచున్నారు. నిజమునకు అది కవరు వెనుక వ్రాత. టెలిఫోను సంస్థలు కొద్దిగా ఉండి ఒకదానినొకటి నమ్ముకొన్న రోజులలో, పిలుచువాని నంబరును అవతలి ఎక్స్చేంజి చెప్పినది చెప్పినట్లు చూపు పద్ధతి ఏర్పడినది. ఇంటర్నెట్టు నుండి పిలుపులు వచ్చి కలసిన తరువాత ఆ నమ్మకమునకు ఆధారము సడలినది. విదేశములనుండి వచ్చుచు భారతదేశపు నంబరును చూపు దొంగ పిలుపులను ఆపుటకు 2024 అక్టోబరు 22న ప్రభుత్వము ఒక ఏర్పాటు ప్రారంభింపగా, మొదటి ఇరువది నాలుగు గంటలలోనే 1.35 కోట్ల పిలుపులు పట్టుబడినవి.

పిన్ విషయమున కూడ ఇట్టి పొరపాటే కలదు. యు.పి.ఐ.లో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ అక్కరలేదు, ఇచ్చుటకే కావలెను. పిన్ కొట్టుట చెక్కు మీద సంతకము చేయుటతో సమానము. "మీకు డబ్బు వేసినాము, పిన్ కొట్టి తీసుకొనుడు" అను మోసము ఈ తేడా తెలియనివారి మీదనే సాగినది. వ్యక్తి నుండి వ్యక్తికి పోవు 'కలెక్టు' కోరికలను 2025 అక్టోబరు 1 నుండి మాన్పినారు.

ఈ మోసములలో అన్నిటికంటె క్రూరమైనది 'డిజిటల్ అరెస్టు'. పోలీసు దుస్తులు ధరించినవాడు వీడియోలో కనిపించి, మీ పేర వచ్చిన పార్సెలులో మత్తుమందు దొరికినదనును, గది తలుపు మూయించును, ఫోను పెట్టనీయడు, భార్యకైనను చెప్పరాదనును. విడోక్ చూచిన జాబులోని కట్టడియే ఇది. చట్టము సరిగా దీనికి ఎదురుగా ఉన్నది. డి.కె. బసు కేసులో 1996 డిసెంబరున సుప్రీంకోర్టు, అరెస్టు చేసినపుడు కాగితము వ్రాయవలెననియు, కుటుంబములోనివారో ఆ ప్రాంతపు పెద్దమనిషియో ఒకరైనను దానిపై సాక్షి సంతకము చేయవలెననియు ఆదేశించినది. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన నాగరిక సురక్షా సంహిత 36వ సెక్షనులోను ఈ నియమమున్నది. కుటుంబము వారు సాక్షిగా లేకున్నచో, అరెస్టు సంగతిని బంధువుకో మిత్రునికో తెలియజేయు హక్కు కలదని పట్టుబడినవానికి చెప్పవలెను. మూడవవానికి చెప్పరాదను అరెస్టు మన చట్టములో ఎక్కడను లేదు.

అవతల మాటలాడువాడు ఎవడు? బిసేత్ర్ జాబులు వ్రాసినవారు ఖైదీలు. విచిత్రమేమనగా, నేటివారిలోను కొందరు ఖైదీలే. డేటా ఎంట్రీ ఉద్యోగమని నమ్మి కంబోడియా పోయిన తెలుగు యువకులను అక్కడ బంధించి, తమ దేశమువారికే ఫోను చేసి మోసగించు పని చేయించిన సంగతిని 2024 మేలో విశాఖపట్టణము పోలీసులు బయటపెట్టినారు. 2025 మార్చిలో మయన్మారు సరిహద్దున ఇట్టి కేంద్రముల నుండి విడిపించిన 549 మంది భారతీయులను రెండు రోజులలో విమానములపై స్వదేశమునకు తెచ్చినారు.

2024లో దేశ ప్రజలు ఇట్లు పోగొట్టుకొన్నది 22,845 కోట్ల రూపాయలని కేంద్రము పార్లమెంటుకు తెలిపినది. అంతకు ముందటి ఏడు 7,465 కోట్లు. పోయిన గడువును కొంతైనను తిరిగి తెచ్చుటకు చేసిన యత్నమే 1930 అను నంబరు. 2021 ఏప్రిలులో ఈ సేవ మొదలైనపుడు నంబరు 155260. బాధితుడు చెప్పినంతనే సొమ్ము చేరిన బ్యాంకుకు కబురు పోవును. అక్కడ ఇంకను ఉన్నచో దానిని నిలిపివేయుదురు. దొంగ దీనిని ఎరిగినవాడే గనుక, సొమ్మును ఒక ఖాతా నుండి పది ఖాతాలకు నిమిషములలో చీల్చును. హైదరాబాదు పోలీసులు 2023 జూలైలో బయటపెట్టిన 712 కోట్ల మోసములో నక్షత్రముల రేటింగు ఇచ్చు 'పని' చూపి సుమారు 15,000 మందిని దోచినారు. ఆ సొమ్ము అనేక ఖాతాల గుండ నడచి విదేశములకు పోయినది.

ఇట్టి ఖాతాలకు బరువు మోయు కంచరగాడిద పేర మ్యూల్ ఖాతాలని పేరు. ఇవి తరచుగా నెలకు కొంత ఇత్తుమని ఆశపెట్టి విద్యార్థుల నుండియు కూలివారి నుండియు తీసుకొన్నవి. పాసుపుస్తకము, కార్డు, సిమ్ము మూడును అప్పగింపజేయుదురు. సొమ్ము ఆ ఖాతాలో నిలుచునది కొన్ని నిమిషములే. బ్యాంకు కాగితములలో ఉండునది మాత్రము ఖాతాదారుని పేరు, ఫొటో, చిరునామా. విచారణకు వచ్చినవారు మొదట తట్టు తలుపు అదే.